అక్షరాల తాళం: అల్ జజరీ పెట్టె, తరిమెన పనితనం

ఒకరి సొమ్మును మరొకరు నమ్మి అప్పగించటాన్ని ఇస్లామీ పరిభాషలో 'అమానత్' అంటారు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 58వ ఆయత్‌లో ఆదేశించింది. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మక్కాలో 'అల్ అమీన్'గా పేరుగాంచిన సంగతి పాఠకులకు విదితమే. 622లో మదీనాకు హిజ్రత్ చేయవలసి వచ్చినప్పుడు, తమ దగ్గర ప్రజలు దాచుకున్న సొమ్మును తిరిగి అప్పగించే బాధ్యతను వారు హజ్రత్ అలీ (రజి)కి ఒప్పగించి వెళ్లారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. తమ ప్రాణాలు తీయటానికి సిద్ధపడిన ఊరి జనం సొమ్ము సైతం అమానతే అయింది.

అమానత్‌ను తిరిగి ఇవ్వటం ఎంత ముఖ్యమో, ఇచ్చేదాకా కాపాడటమూ అంత ముఖ్యం. అందుకే ఫిఖ్హ్ పండితులు 'హిర్జ్' అనే భావనను చర్చించారు. హిర్జ్ అంటే సొమ్మును భద్రపరచటానికి ఆ ప్రాంతపు ఆచారాన్ని బట్టి తగినదిగా ఎంచబడే చోటు. దొంగతనానికి హద్ శిక్ష వర్తించాలంటే సొమ్ము హిర్జ్‌లో నుంచి తీయబడి ఉండాలన్నది అత్యధిక పండితుల అభిప్రాయం. సొమ్ము దాచమని తీసుకున్నవాడు దానిని తగిన చోట ఉంచకుండా అలక్ష్యం చేస్తే నష్టానికి జవాబుదారీ అవుతాడు. ఈ దృష్టితో చూస్తే పెట్టె, గడియ, తాళం కేవలం వడ్రంగి, కంసాలి పనులు కావు. అవి ధర్మపాలనకు ఉపకరించే సాధనాలు.

అయితే తాళంచెవిలో ఒక లోపం ఉంది. దానిని దొంగిలించవచ్చు, మైనం మీద అచ్చు తీయవచ్చు. అది ఎవరి చేతిలో ఉంటే తాళం వారి మాటే వింటుంది. ఈ లోపాన్ని గమనించిన ముస్లిం పనివారు సుమారు 800 ఏళ్ల క్రితమే చెవి లేని తాళం చేశారు. దాని చెవి ఒక మాట. ఆ మాట యజమాని జ్ఞాపకంలో ఉంటుంది. అటువంటి తాళపు పెట్టె చరిత్రనూ, దానిని చెక్కతో తరిమెన మీద చేసుకునే పద్ధతినీ వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

'హియల్' అన్న మాట

ఈ విద్యకు అరబీలో 'ఇల్మ్ అల్ హియల్' అని పేరు. హీలా అనే పదానికి బహువచనం హియల్. ఈ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదకుడు కొంత జాగ్రత్తపడవలసి ఉంటుంది. ఉర్దూ వాడుకలో హీలా అంటే సాకు, వంక అనే అర్థమే బలంగా స్థిరపడింది. ఫిఖ్హ్‌లో హియల్ అంటే ధర్మశాసనం అక్షరాన్ని పాటిస్తూ దాని ఉద్దేశాన్ని తప్పించుకునే పన్నాగాలు కూడా. ఇమామ్ బుఖారీ తమ సహీహ్‌లో 'కితాబుల్ హియల్' అనే విభాగాన్నే పెట్టారు. ఈ పరిచయంతో హియల్ శాస్త్రాన్ని 'మోసాల శాస్త్రం' అని అనువదిస్తే ఘోరమైన అపార్థం కలుగుతుంది.

అల్ ఫారాబీ (మరణం 950) శాస్త్రాలను వర్గీకరిస్తూ రాసిన 'ఇహ్సా అల్ ఉలూమ్'లో హియల్‌ను గణిత శాస్త్రాల పక్షాన చేర్చారు. గణితం మనసులో నిరూపించిన దానిని లోహంలో, చెక్కలో, నీటిలో నిజం చేసి చూపే నేర్పే హియల్. దీనికి తెలుగులో 'యుక్తి' అన్న మాట బాగా సరిపోతుంది. యంత్రానికీ యుక్తికీ ఉన్న చుట్టరికం మన పల్లెటూరి వడ్రంగికీ తెలుసు. బాగ్దాద్‌లో తొమ్మిదవ శతాబ్దంలో బనూ మూసా సోదరులు ముగ్గురూ రాసిన 'కితాబుల్ హియల్'లో సుమారు నూరు యంత్రాల వివరణ ఉంది.

అల్ జజరీ, ఇస్ఫహానీ

ఈ విద్యలో శిఖరప్రాయుడు బదీఉజ్జమాన్ ఇస్మాయీల్ ఇబ్న్ అల్ రజ్జాజ్ అల్ జజరీ. టైగ్రిస్ నది ఒడ్డున ఉన్న ఆమిద్ నగరంలో (నేటి టర్కీలోని దియార్‌బకిర్) అర్తుకీ పాలకుల కొలువులో పనిచేశారు. పాలకుడు నాసిరుద్దీన్ మహమూద్ కోరిక మేరకు తమ యంత్రాలను గ్రంథస్థం చేసి హిజ్రీ 602లో, అంటే 1206లో పూర్తిచేశారు. ఆరు విభాగాలలో 50 యంత్రాలు వర్ణించిన ఈ గ్రంథం 1974లో డొనాల్డ్ హిల్ ఆంగ్లానువాదంగానూ, 1979లో అహ్మద్ యూసుఫ్ అల్ హసన్ పరిష్కరించిన అరబీ మూలంగానూ వెలువడింది.

గ్రంథం పేరులోనే రచయిత దృక్పథం ఉంది. అది ఇల్మ్‌నూ, ప్రయోజనకరమైన అమల్‌నూ జతపరిచే గ్రంథమని ఆయన పేరు పెట్టారు. చేసి పరీక్షించని యంత్రవిద్య నిజమో అబద్ధమో తేలకుండా సందేహంలోనే ఉండిపోతుందని పీఠికలో స్పష్టం చేశారు.

ఈ గ్రంథం చివరి విభాగంలో పెట్టెకు వేసే అక్షరాల తాళం ఒకటి వర్ణించబడింది. పెట్టె మూత మీద అక్షరాలు చెక్కిన నాలుగు చక్రాలుంటాయి. నాలుగూ నిర్ణీతమైన అక్షరాల దగ్గర నిలిచినప్పుడే లోపలి గడియకు దారి ఏర్పడుతుంది. ఒక్కటి తప్పినా మూత కదలదు.

ఇది కాగితం మీది ఊహ కాదు. అదే కాలానికి చెందిన ఇత్తడి పెట్టె ఒకటి నేటికీ కోపెన్‌హాగన్‌లోని డేవిడ్ కలెక్షన్ మ్యూజియంలో ఉంది. దాని మీద ముహమ్మద్ ఇబ్న్ హామిద్ అల్ అస్తుర్లాబీ అల్ ఇస్ఫహానీ అన్న పనివాని పేరు, హిజ్రీ 597 (1200-01) అన్న సంవత్సరం చెక్కి ఉన్నాయి. ఇలాంటిదే మరొక పెట్టె అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది. అస్తుర్లాబీ అంటే నక్షత్రాల ఎత్తును కొలిచే అస్తుర్లాబ్ యంత్రాలను చేసేవాడు. వృత్తాన్ని సమభాగాలుగా పంచటం, బిళ్ల మీద బిళ్ల వదులు లేకుండా తిరిగేలా చేయటం ఆయన నిత్యం చేసే పని. ఆకాశాన్ని కొలిచిన చేతి నేర్పే పెట్టెను కాపాడటానికి దిగివచ్చింది.

చెక్కలోకి మారితే

ఇత్తడి పనికి కొలిమి, పోతపని, ఖర్చు కావాలి. అదే యుక్తిని చెక్కలో సాధించవచ్చు. అందుకు తగిన సాధనం తరిమెన. నేడు లేత్ మిషను అంటున్నాం, ఉర్దూలో ఖరాద్ అంటారు. అరబీలో తరిమెన పనివాడిని 'ఖర్రాత్' అంటారు. కైరో పాత ఇళ్ల కిటికీలకు అమర్చే మష్రబియ్యా జాలీలు ఖర్రాతుల చేతిలో రూపుదిద్దుకున్న చిన్న చిన్న ముక్కల కూర్పే. ఒక చేత్తో విల్లును లాగి చెక్కను తిప్పుతూ, మరో చేత్తోనూ కాలితోనూ ఉలిని అదిమిపట్టి వారు పనిచేసేవారు.

తెలుగు నేలకు కూడా ఈ పని కొత్త కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి బొమ్మలు, భరిణెలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్కను అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. భరిణె చేయగల చెయ్యి అక్షరాల తాళం కూడా చేయగలదు.

అల్ జజరీ పెట్టెలో చక్రాలు మూత మీద పరుండి ఉంటాయి. తరిమెన సహజంగా ఇచ్చేది గుండ్రని స్తంభం కనుక చెక్క పెట్టెలో చక్రాలు కడియాలుగా మారి ఒక గొట్టానికి తొడగబడతాయి. రూపం మారినా సూత్రం ఒకటే.

నాలుగు భాగాలు

మొదటిది లోగొట్టం. ఒక కొస మూసి, రెండో కొస తెరిచి ఉండే ఈ భరిణెలోనే సొమ్ము ఉంటుంది. దాని ఒంటి మీద ఒకే వరుసలో నాలుగు ఇత్తడి మేకులు పొడుచుకు వచ్చి ఉంటాయి. రెండవది వెలిగొట్టం. లోగొట్టం ఇందులోకి జారుతుంది. మేకులు ప్రయాణించటానికి దీని నిడివి పొడవునా ఒక సన్నని దారి కోసి ఉంటుంది. దీని అడుగున పీఠం అతికి ఉంటుంది. మూడవది అక్షరాల కడియాలు నాలుగు. ఇవి వెలిగొట్టం మీద స్వేచ్ఛగా తిరుగుతాయి. నాలుగవది కడియాలు ఊడిపోకుండా పైన అతికే కట్టు. మేకులు దాటేందుకు దీనిలోనూ దారికి ఎదురుగా అంతే వెడల్పు సందు ఉండాలి.

రహస్యమంతా కడియం లోపలి ముఖంలో ఉంది. దాని నడుమ చుట్టూ ఒక గాడి ఉంటుంది. మేకు కొన ఈ గాడిలో నిలబడి ఉండగా కడియం దాని చుట్టూ తిరుగుతుంది. ఈ గాడికి అడ్డంగా ఒకే ఒక్క చోట కడియం మందమంతా కోసిన గండి ఉంటుంది. నాలుగు కడియాల గండ్లూ వెలిగొట్టం దారికి ఎదురుగా వచ్చినప్పుడు మేకులు నాలుగూ ఒకేసారి జారిపోతాయి, లోగొట్టం చేతికి వస్తుంది. ఏ ఒక్క కడియం పక్కకు తిరిగి ఉన్నా దాని గాడి గోడకు మేకు తగిలి ఆగిపోతుంది.

కొలతలు, పని క్రమం

లోగొట్టం వెలుపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకుందాం. వెలిగొట్టం లోపల 41, వెలుపల 53 ఉండాలి. కడియం లోపల 54, వెలుపల 74, మందం 20. గాడి వెడల్పు 5, లోతు 4. మేకు లావు 4, లోగొట్టం పైకి దాని పొడవు 10. వెలిగొట్టంలోని దారి వెడల్పు నాలుగున్నర, కడియంలోని గండి వెడల్పు 5. తిరిగే, జారే భాగాల మధ్య అటూ ఇటూ అర మిల్లీమీటరు సందు వదిలామన్నమాట. ఇంతకంటె తక్కువైతే వానాకాలంలో పట్టేస్తుంది. ఎక్కువైతే కడియాలు గిలకల్లా మోగుతాయి.

కర్ర స్వభావం ఇక్కడే గుర్తుంచుకోవాలి. కర్ర గాలిలోని తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఈ మార్పు పీచు పొడవునా బహు స్వల్పం. పీచుకు అడ్డంగా ఎక్కువ. అందులోనూ వయసు వలయాల వెంబడి వచ్చే మార్పు, వలయాలకు అడ్డంగా వచ్చే మార్పుకు దాదాపు రెట్టింపు. అందువల్ల పచ్చికర్రతో గుండ్రంగా చేసిన కడియం ఆరిన తరువాత కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది. బాగా ఆరిన టేకు మేలు. ముందుగా కొలతకు మించి లావుగా తరిమెన పట్టి, కొన్ని వారాలు నీడన ఉంచి, తరువాత అసలు కొలతకు తేవాలి.

దీనికి మరొక ఉపాయాన్ని అల్ జజరీయే చెప్పారు. చెక్క వంకర తిరగకుండా పలుచని పలకలను ఒకదాని మీద ఒకటి అతికే పద్ధతిని ఆయన తమ యంత్రాలలో వాడారు. మన కడియానికి ఇది రెండు విధాల మేలు చేస్తుంది. 20 మిల్లీమీటర్ల కడియాన్ని ఒకే ముక్కగా చేయక, 10 మిల్లీమీటర్ల మందం గల రెండు బిళ్లలుగా చేయాలి. ఒక్కొక్క బిళ్ల లోపలి అంచున రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల లోతు మెట్టు తీయాలి. మెట్లు ఎదురెదురుగా వచ్చేలా, ఒకదాని పీచు మరొకదాని పీచుకు అడ్డంగా ఉండేలా అతకాలి. రెండు మెట్లూ కలిసి 5 మిల్లీమీటర్ల గాడి ఏర్పడుతుంది. ఇరుకు రంధ్రంలోకి వంకర ఉలి దూర్చి గాడి తీసే కష్టం తప్పుతుంది. ఒక బిళ్ల వంగబోతే రెండోది పట్టి ఉంచుతుంది. జిగురు ఆరిన తరువాత సన్నని ఉలితో, ఆకురాయితో గండి తీయాలి.

కడియం చుట్టుకొలతను 16 భాగాలు చేయటం సులభం. కంపాసుతో వృత్తాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా, పదహారుగా సగం చేస్తూ పోతే చాలు. వాటిలో అబ్జద్ క్రమంలో అలిఫ్ మొదలు అయిన్ దాకా 16 అక్షరాలు సరిగ్గా పడతాయి. తెలుగు అక్షరాలు కావాలంటే మన గుణింతం ఉండనే ఉంది. 'క' మొదలు 'కః' దాకా లెక్కిస్తే పదహారే. ఒక్కో కడియానికి ఒక్కో హల్లు గుణింతం చెక్కవచ్చు. కడియాల కింద పీఠం మీద దారికి సూటిగా ఒక గుర్తు పెట్టాలి. గండికి నేరుగా ఏ అక్షరం పడిందో అదే ఆ కడియపు రహస్యాక్షరం. జారే భాగాలకు నూనె పూయరాదు. తేనెమైనం రుద్దితే చాలు. తరిమెన తిరుగుతున్నప్పుడు వదులు లాల్చీ చేతులు, మెడలో వేలాడే రుమాలు దగ్గరకు రానీయరాదన్న హెచ్చరిక ఇక్కడే చేయటం అవసరం.

తొంభై ఒక్క గంటలు, అయిదు నిమిషాలు

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక్కొక్క కడియానికి 16 అక్షరాలు. నాలుగు కడియాలకు 16ను నాలుగుసార్లు గుణిస్తే 65,536 అమరికలు. ఒక్కో అమరికను పరీక్షించటానికి అయిదు సెకండ్లు పడుతుందనుకుంటే అన్నిటికీ 91 గంటలు కావాలి. దొంగ రాత్రింబవళ్లు కూర్చున్నా నాలుగు రోజులకు దగ్గర పడుతుంది.

కాని ఈ లెక్క పనితనం నిర్దుష్టంగా ఉన్నప్పుడే నిజం. తెలిసినవాడు అక్షరాల జోలికి పోడు. లోగొట్టాన్ని మెల్లగా లాగి పట్టుకుని కడియాలను ఒక్కొక్కటిగా తిప్పి చూస్తాడు. మేకుల మధ్య దూరాలు, గాడుల స్థానాలు ఏమాత్రం తేడాగా ఉన్నా నాలుగు మేకులూ ఒకేసారి గోడకు తగలవు. ముందు తగిలిన మేకు గల కడియం బిగుసుకుంటుంది, మిగతా మూడూ వదులుగా తిరుగుతాయి. బిగుసుకున్న దానిని తిప్పుతూ పోతే దాని గండి దారికి ఎదురుకాగానే లోగొట్టం వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. ఆ అక్షరం బయటపడింది. వెంటనే మరో కడియం బిగుసుకుంటుంది. ఇలా ఒక్కొక్క దానికి హెచ్చులో హెచ్చు 16 ప్రయత్నాలు. నాలుగింటికి 64. అయిదు సెకండ్ల లెక్కన అయిదు నిమిషాల 20 సెకండ్లు.

65,536 ఎక్కడ, 64 ఎక్కడ! గుణకారం కూడికగా మారిపోయింది. దీనికి కారణం మాట బయటపడటం కాదు, కర్ర మెత్తనిది కావటమూ కాదు. నాలుగు కడియాలు ఒకదానితో ఒకటి సమానంగా లేకపోవటమే. ఒక్క కడియం అలక్ష్యంగా చేయబడితే మొదటి రహస్యాన్ని అదే చెప్పేస్తుంది. ఒక్కో బిళ్ల మందంలో పావు మిల్లీమీటరు తప్పు జరిగినా కడియానికి అర మిల్లీమీటరు, నాలుగు కడియాలకు రెండు మిల్లీమీటర్లు తేడా పేరుకుంటుంది. గాడిలో మేకుకు అటూ ఇటూ ఉన్న చోటు అర మిల్లీమీటరే. అంటే తప్పు ఇంతగా పేరుకుంటే మేకు గాడిలో పడక కడియమే తిరగదు.

నివారణ రెండు విధాలు. ఒకటి, ప్రతి కొలతకూ ఒకే నమూనా వాడాలి. అల్ జజరీ యంత్రం చేయటానికి ముందు కాగితపు నమూనాలు చేసి చూసుకునేవారు. అదే రీతిలో ఒక ఇనుప పట్టీకి నాలుగు బెజ్జాలు వేసి, ఆ పట్టీ ద్వారానే మేకుల బెజ్జాలు వేయాలి. బిళ్లలన్నిటినీ ఒకే ఇరుసుకు తొడిగి ఒకే పట్టులో మందం సరిచేయాలి. రెండవది, గాడి గోడలో అక్కడక్కడ ఒక మిల్లీమీటరు లోతు దొంగ గండ్లు తీయాలి. లాగి తిప్పేవాడి మేకు వాటిలో పడి ఆగుతుంది. నిజమైన గండి ఏదో చేతి స్పర్శకు తేలదు.

పని చేసేటప్పుడు దానిని పరిపూర్ణంగా చేయటం అల్లాహ్‌కు ఇష్టమన్న భావం గల హదీసు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంగా బైహకీ తదితరుల సంకలనాలలో ఉంది. సనద్ విషయంలో ముహద్దిసుల మధ్య చర్చ ఉన్నా, 'ఇత్‌కాన్' అనే ఈ భావనకు ఖుర్ఆన్ ఆధారం స్పష్టమే. సబా సూరాలో అల్లాహ్ దావూద్ (అలైహిస్సలాం) కోసం ఇనుమును మెత్తబరచి, కవచాలు చేయమని ఆదేశిస్తూ, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని కూడా ఆదేశించాడు. ఒక ప్రవక్తకు కడియాల కొలత గురించి దివ్యాదేశం రావటం ఆలోచించదగిన విషయం. కొలత తప్పిన కడియం గుండా బాణం దూరుతుంది.

మాట ఎవరికి తెలియాలి?

ఈ పెట్టెలో మరొక చిక్కు ఉంది. గండి తీసిన పనివానికి ఆ మాట తెలుసు. పెట్టె కొన్నవాడు జీవితాంతం ఆ పనివాని అమానత్ మీద ఆధారపడాలి. కడియాన్ని రెండు పొరలుగా చేస్తే ఈ చిక్కు తీరుతుంది. లోపొర గండిని, పైపొర అక్షరాలను మోస్తుంది. రెండిటినీ కలుపుతూ 16 స్థానాలలో ఎక్కడైనా దిగే ఒక చిన్న మేకు పెడితే, యజమాని పెట్టె తెరిచి ఉన్నప్పుడు తన మాటను తానే మార్చుకోవచ్చు.

మాటను ఎన్నుకోవటంలోనూ వివేకం కావాలి. అలిఫ్, మీమ్, యా, నూన్ నాలుగూ మన 16 అక్షరాలలోనే ఉన్నాయి, 'అమీన్' అని చక్కగా కుదురుతుంది. కాని చూసిన ప్రతివాడూ మొదట ప్రయత్నించే మాట అదే. అర్థవంతమైన మాటలు కొన్నే ఉంటాయి, అర్థం లేని కూర్పులు వేలు. భాషలో అక్షరాలు సమానంగా రావు, కొన్ని మాటిమాటికీ వస్తాయి. ఈ గుణాన్ని పట్టుకునే తొమ్మిదవ శతాబ్దంలో అల్ కిందీ రహస్య లిపులను ఛేదించే పద్ధతి రాశారు. కనుక అర్థం లేని కూర్పే మంచి తాళంచెవి.

అయితే జ్ఞాపకంలోని చెవి మనిషితోపాటు పోతుంది. వీలునామా రాయదగిన సొమ్ము గల ముస్లిం, అది రాసి ఉంచకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) హితవు చెప్పినట్లు ఇబ్న్ ఉమర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లింలలో ఉంది. ఇతరుల సొమ్మును ఇటువంటి పెట్టెలో దాచినవాడు, అందులో ఎవరిది ఎంత ఉందో రాసి నమ్మకస్తుని దగ్గర ఉంచటం అతని బాధ్యత.

ఇంతా చేసి, చెక్క పెట్టెను గొడ్డలితో ఒక్క దెబ్బకు పగలగొట్టవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. నగలూ నగదూ దాచటానికి నేటి ఆచారంలో హిర్జ్ అనిపించుకునేది ఇది కాదు. కాని పగిలిన పెట్టె దొంగతనానికి సాక్ష్యం చెబుతుంది. చెవితో తెరిచిన పెట్టె ఏమీ చెప్పదు. ఉత్తరాలు, దస్తావేజుల వంటివాటికి, ఎవరైనా చూశారా లేదా అన్నదే ముఖ్యమైన చోట, ఈ సాక్ష్యానికి విలువ ఉంది.

మన మద్రసాలలో అక్షరం నేర్చిన చేయి ఉలి పట్టదు, ఉలి పట్టిన చేతికి అక్షరం అందదు. ఈ చీలిక ఇస్లాం నేర్పింది కాదు. జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉంది. దావూద్ (అలైహిస్సలాం) తమ చేతి కష్టంతోనే భుజించేవారని బుఖారీలో ఉంది. ఆమిద్ కొలువులోని యంత్రవేత్త తమ గ్రంథానికి ఇల్మ్, అమల్ రెండిటినీ కలిపి పేరు పెట్టింది అలంకారం కోసం కాదు. ఊళ్లో తరిమెన ఉన్న పనివాని దగ్గరకు మద్రసా విద్యార్థులు నలుగురు వెళ్లి, ఆయనకు అబ్జద్ లెక్క చెప్పి, ఆయన దగ్గర ఉలి పట్టటం నేర్చుకుంటే ఈ పెట్టె కొన్ని వారాల పని. పెట్టె మిగిలినా మిగలకపోయినా, ఒకరి విద్య విలువ మరొకరికి తెలిసివస్తుంది.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ, దానిని పరిపూర్ణంగా ఆచరించే శక్తినీ ప్రసాదించుగాక! ఆమీన్.